ఇరవై అక్షరాల మంచుకొండ

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట. అది చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. అంతకుముందు నలభై ఏళ్లు, చదవడం రాకుండానే అక్షరాలు రాసి బతికాను. సిగ్గుపడాల్సింది ఏదైనా ఉంటే ఆ నలభై ఏళ్లకు పడాలి.

చదవడం రాని మనిషి ఎలా రాస్తుందని అడుగుతారు. మాది కాళహస్తి. మా మేనమామ ఇంట్లో కలంకారీ పని. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టి, దాని మీద వెదురు కలంతో రామాయణం గీసేవాళ్లం. బొమ్మల వరసకూ వరసకూ నడుమ సన్నటి పట్టీ ఉంటుంది. ఏ బొమ్మ ఏ కథో ఆ పట్టీలో తెలుగులో రాయాలి. మామ పెన్సిల్‌తో కాగితం మీద రాసి ఇస్తే నేను చూసి గుడ్డ మీదికి దించేదాన్ని. నాకు అక్షరమంటే ఏనుగు తొండం లాంటిదే, నెమలి మెడ లాంటిదే. ఎక్కడ లావెక్కాలో, ఎక్కడ సన్నబడాలో చేతికి తెలుసు. మా ఇంట్లో చదువుకున్న మగవాళ్ల రాత కంటే నా రాతే బాగుంటుందని గుడ్డలు కొనేవాళ్లే అనేవాళ్లు. అబద్ధం కాదు, బాగుండేది.

నాకు ఇరవై మూడేళ్లప్పుడు సీత అడవికి బయలుదేరే గుడ్డ ఒకటి చేశాం. రంగులన్నీ అయి, ఉతికి, ఆరేసి, మద్రాసు నుంచి వచ్చిన షావుకారు ముందు పరిచారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని పట్టీని పైకి చదవడం మొదలుపెట్టాడు. "సీతారామలక్ష్మణులు అడవికి పోవుట." తరువాత ఆగాడు. మళ్లీ చదివాడు. "సీత చీరకు ఎరుపు పెట్టాల, మరవొద్దు."

మామ తన గుర్తు కోసం కాగితం చివర రాసుకున్న మాట అది. నేను దాన్ని కూడా కథలో కలిపేసి, చుట్టూ లతలు పెట్టి మరీ రాశాను. షావుకారు నవ్వాడు. పనివాళ్లందరూ నవ్వారు. మామ నవ్వలేదు. ఆయన అన్న మాట మాత్రం ఆ నవ్వుల కంటే గట్టిగా తగిలింది.

"దాన్నేమీ అనద్దు సామీ. దానికేం తెలుసు, గీతలు గీసేది."

ఆ మాట నాతోపాటే ముసలిదైంది.

నా కూతురు అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో, మందుల కంపెనీలో పని చేస్తుంది. ఆదివారాలు ఒక బడి గదిలో పిల్లలకు తెలుగు చెబుతుంది. నేను అమెరికా వచ్చిన కొత్తలో, ఇంట్లో ఒక్కదాన్నే ఎందుకని నన్నూ వెంట తీసుకుపోయి వెనక బెంచీలో కూర్చోబెట్టేది. ఆరేళ్ల పిల్లలు గొంతెత్తి గుణింతాలు చెబుతుంటే వింటూ కూర్చునేదాన్ని. ఆకారాలన్నీ నా చేతిలో అప్పటికే ఉన్నాయి. తెలియనిది వాటి పేర్లే. ఒక్కో పేరు చెవిన పడగానే చేతిలో ఉన్న ఆకారం దానికి పోయి అతుక్కునేది. నాలుగు నెలలు పట్టింది. ఆ క్లాసులో అందరికంటే ముందు నేర్చుకున్నది నేనే. ఆరేళ్ల పిల్లలతో పోటీ ఏమిటంటారేమో. పోటీ పోటీయే.

ఒక ఆదివారం ఇంటికొచ్చి, హాల్లో గోడకు వేలాడుతున్న నా పాత గుడ్డ ముందు నిలబడి పట్టీ చదివాను. కూడబలుక్కుంటూ, పైకే చదివాను. వంటగదిలో కూతురు కుళాయి కట్టేసింది.

"అమ్మా! ఎవరు నేర్పించారు నీకు?"

"నువ్వే కదా మే. వెనక బెంచీకి వినపడదనుకున్నావా?"

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, చదవలేనిదేదీ ఇక నా చేత్తో రాయనని. తొమ్మిదేళ్లు నిలబెట్టుకున్నాను. పదో ఏట, నిరుడు చలికాలం, తెలిసి తెలిసి తప్పాను. నా చేత ఒట్టు తప్పించింది చైనా వాళ్ల మంచు పద్యం.

ప్లెయిన్స్‌బరో లైబ్రరీలో బుధవారం పొద్దున పెద్దవాళ్లకు కుర్చీ వ్యాయామం పెడతారు. కూతురు నన్ను అక్కడ డ్రాప్ చేసి ఆఫీస్‌కి పోయేది. కుర్చీలో కూర్చుని చేతులు ఊపడం నాకు నచ్చలేదు. పక్క గదిలోంచి సిరా వాసన వచ్చేది. రంగుల మధ్య బతికిన ముక్కు నాది, ఊరుకుంటుందా? రెండో వారమే లేచి ఆ గదిలోకి పోయాను.

పదిమంది చైనా ముసలివాళ్లు పొడవాటి బల్ల చుట్టూ నిలబడి కుంచెలతో రాస్తున్నారు. వాళ్ల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని ఒకాయన తిరుగుతున్నాడు. చైనాలో హైస్కూలు పంతులుగా చేసి వచ్చినవాడట. ఎనభై దాటినా వెన్ను వంగలేదు. అందరూ ఆయన్ను లావోషీ అని పిలుస్తున్నారు. పంతులుగారని అర్థం. ఆయన ఎవరినీ మెచ్చుకోవడం నేను చూడలేదు. వేలు పెట్టి ఒక అక్షరం చూపిస్తాడు, ఒక మాట అంటాడు, వాళ్లు మళ్లీ రాస్తారు. డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ చేత ఒకే అక్షరం గంటసేపు రాయించాడు.

ఆ ఆవిడే నాకు అక్క అయింది. నాకంటే ఏడేళ్లు పెద్ద. మా పక్క అపార్ట్‌మెంట్లలోనే ఉంటుంది. ఆమెను నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మెయ్‌మెయ్ అనేది, అంటే చెల్లెలు. ఆమెకు ఇంగ్లీషు యాభై మాటలు వస్తే నాకు అరవై వస్తాయి. మిగిలినదంతా చేతులతోనూ, ఫోన్‌తోనూ సరిపెట్టుకునేవాళ్లం. ఆమె ఫోన్‌కి చైనా భాషలో చెబితే అది తెలుగులో వినిపించేది, చచ్చుపుచ్చు తెలుగే అయినా అర్థమయ్యేది.

చలికాలమంతా వాళ్లు రాసేది పాత పద్యాలు. వందల ఏళ్ల కిందటివి. అన్నింటిలోనూ కొండే, అన్నింటిలోనూ మంచే. నాలుగు వరసలు, వరసకు అయిదు అక్షరాలు, అంతే పద్యం. దిగువ నుంచి చూసిన కొండ, కొండ మీద మంచు, మంచులో ఒక చెట్టో ఒక మనిషో. ఏడుపు లేదు, పొగడ్త లేదు. అయ్యో అనరు, ఆహా అనరు. ఇన్ని మంచు పద్యాలెందుకని అడిగితే అక్క కిటికీలోంచి బయటికి చూపించింది. పార్కింగ్ లాట్ నిండా తెల్లగా ఉంది. ఏ రుతువులో ఏది కళ్ల ముందు ఉంటే అది రాస్తారన్నమాట. ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఒకరోజు వాళ్ల పుస్తకంలో బొమ్మ ఒకటి చూపించింది. పద్యం పక్కన కొండలు గీసి ఉన్నాయి. మంచు ఎక్కడ వేశారా అని వెతికాను. ఎక్కడా వెయ్యలేదు. రాళ్ల నీడలు మాత్రం నల్లగా గీసి, మిగిలిన కాగితం వదిలేశారు. ఆ వదిలేసిందే మంచు. అక్క నాకు అది అర్థం చేయించాలని చాలా అవస్థ పడింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. కలంకారీలో తెల్ల రంగు ఉండదు. హనుమంతుడి పళ్లు తెల్లగా ఉన్నాయంటే అక్కడ మేం చెయ్యి పెట్టలేదని. నలభై ఏళ్లు నేను చేసిన పనే అది. ఫోన్‌లో ఆ మాట చెప్పి వినిపించి, నా పాత గుడ్డ ఫోటో చూపిస్తే ఆమె వెంటనే లావోషీని పిలిచి చెప్పింది. ఆయన నా వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు.

చైనా వాళ్ల కొత్త సంవత్సరం పండగకు లైబ్రరీ హాల్లో అందరి రాతలూ గోడకు పెడతారని తెలిసింది. ఒక బుధవారం అక్క ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒక కాగితం తెచ్చింది. బాగా పసుపెక్కిన కాగితం. వాళ్ల నాయన చేతిరాత. ఆయన కొండల మధ్య ఊళ్లో బడిపంతులట, పాత పద్యాల పద్ధతిలో తానే కట్టి రాసుకున్న పద్యమట. దాన్ని నా ముందు పెట్టి, కుంచె నా చేతికిచ్చింది.

"యూ రైట్, మెయ్‌మెయ్. యువర్ హ్యాండ్ గుడ్."

ఒట్టు గుర్తు రాలేదా అంటే వచ్చింది. అబద్ధమెందుకు. చెయ్యి దురద పెట్టింది, అంతే. నా రాతను ఒకరు అడిగి చాలా ఏళ్లయింది. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

దించాను. పై నుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు, ఇరవై అక్షరాలు. ఎడమ అంచున చిన్నచిన్నవి ఇంకో ఏడెనిమిది ఉంటే అవీ దించాను. చిన్నవి కాబట్టి ఇంకా జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి దించాను. పెద్దాయన సిరా ఎక్కడ పల్చబడిందో నాదీ అక్కడే పల్చబడింది.

అందరూ చుట్టూ చేరారు. లావోషీ వచ్చి చూసి తల ఊపాడు.

"వెరీ గుడ్. వెరీ గుడ్."

ఎవరినీ మెచ్చుకోని మనిషి నన్ను మెచ్చుకున్నాడని పొంగిపోయాను. అంతలో ఆయన చూపు ఎడమ అంచుకు పోయింది. వంగి పైకి చదివాడు. గదంతా గొల్లుమంది. అక్క కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకేమీ అర్థం కాక మొహాలు చూస్తున్నాను. అక్క ఫోన్‌లో ఏదో చెప్పి నా చెవి దగ్గర పెట్టింది. ఫోన్ తెలుగులో పలికింది.

"చిన్న కూతురికి దగ్గు ఉంది. అల్లం కొనాలి."

వాళ్ల నాయన ఇంటి సంగతి మరచిపోకుండా పద్యం పక్కనే గుర్తు రాసుకున్నాడు. ఆ చిన్న కూతురు అక్కే. వాళ్లెవరూ చెడ్డగా నవ్వలేదు. ముద్దుగానే నవ్వారు. నా చెవుల్లో మాత్రం మద్రాసు షావుకారు గొంతే మోగింది. నలభై ఎనిమిదేళ్ల తరువాత, ఇంకో దేశంలో, ఇంకో భాషలో, అచ్చంగా అదే పని చేశాను. గీతలు గీసేది!

లావోషీ రెండు వేళ్లు కత్తెరలా ఆడించి అంచు చూపించాడు. "నో ప్రాబ్లమ్. కట్ హియర్. ఇండియన్ లేడీ, చైనీస్ పోయెమ్. పీపుల్ లైక్."

"నో," అన్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని బయటికొచ్చేశాను.

ఇంట్లో కూతురు ఆ కాగితం విప్పి చూసి మురిసిపోయింది. ఫోటో కూడా తీసుకుంది.

"అమ్మా, ఇది నువ్వు రాశావా? సూపర్బ్‌గా ఉంది. ఎగ్జిబిషన్‌లో పెట్టకపోవడమేంటి? అంచు ట్రిమ్ చేస్తే అయిపోతుంది కదా."

"చేస్తే ఏమైతుంది? అందరూ వచ్చి ఇదేంది అని నన్ను అడుగుతారు. ఏం చెప్పేది? నాకు తెలీదు నాయనా, నేను ఊరికే గీసినాను అని చెప్పేదా?"

"ఎవరూ అడగరమ్మా. ఇట్స్ జస్ట్ ఫన్. డెబ్బై ఒకటో ఏట ఇంత పట్టుదల ఎందుకు చెప్పు?"

"ఎప్పుడు పట్టాల మే? తొంభైకా?"

అది కాగితం మళ్లీ మడత పెట్టి నా చేతికిచ్చింది. మా ఆయన దగ్గర అది ఇలా ఓడిపోయేది కాదు. నా దగ్గర ఓడిపోతుంది.

మరుసటి పొద్దున అక్క ఇంటికి నడిచిపోయాను. వాళ్ల అల్లుడు తలుపు తీశాడు. అక్క ఇంకా గంజి తాగుతోంది. నేను ఇంగ్లీషులోనే చెప్పాను, నాకున్న అరవై మాటల్లో ఏరుకుని.

"యూ టీచ్. ట్వంటీ. ఐ రీడ్, దెన్ ఐ హ్యాంగ్. ఐ నాట్ రీడ్, ఐ నాట్ హ్యాంగ్."

ఆమె గిన్నె పక్కన పెట్టింది. పండగ అయిదు వారాల్లో ఉంది. నా షరతు కూడా ఫోన్‌లో చెప్పాను. పండగ రోజు అందరి ముందు, చూడకుండా రాస్తాను. రాసింది వేలు పెట్టి చదువుతాను. ఒక్కటి తప్పినా కాగితం చింపేసి ఇంటికి పోతాను, మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టను. అక్క ఆ చివరి మాట విని భయపడింది. వద్దు వద్దని చెయ్యి ఊపింది. నేను దిగి రాలేదు.

మొదట కొండ నేర్పింది. మూడు నిలువు గీతలు, కింద ఒక అడ్డగీత. నేను దించినప్పుడు ఎడమ నుంచి మొదలుపెట్టాను, చేతికి సులువని. అక్క ఠపీమని నా వేళ్ల మీద కొట్టింది. నడిమి గీత ముందు రాయాలట. ఎందుకని అడిగితే లేచి నిలబడి, చెయ్యి తల మీద పెట్టి చూపించింది. కొండను చూసినప్పుడు ముందు కనపడేది శిఖరమే కదా అని. తరువాత మంచు. పైన వాన, కింద చీపురు. చీపురుతో ఊడ్చేసే వాన, అదీ మంచు. వాళ్ల పూర్వీకులు అలా అనుకున్నారట. దానికి మాత్రం నేను పైకే నవ్వాను. పార్కింగ్ లాట్‌లో కారు మీద మంచు చీపురుతో ఊడుస్తూ నా కూతురు ప్రతి పొద్దునా చేసేది అదే.

కంచరగాడిద అక్షరం అన్నింటికంటే నన్ను ఏడిపించింది. ఎడమవైపు గుర్రం, దాని కింద నాలుగు చుక్కలు, అవి కాళ్లు. కుడివైపు ఒక పెద్ద మూట. గీతలు ఇరవైకి పైగా. ఆకారం దించమంటే కళ్లు మూసుకుని దించుతాను. చూడకుండా, అర్థం తలచుకుని రాయమంటే మూట ముందుకొచ్చి కాళ్లు వెనక్కి పోయేవి.

కాగితాలు ఎన్నని పాడు చేస్తాం? వంటగదిలో గ్రానైట్ బండ మీద నీళ్లతో రాసేదాన్ని. కుంచె నీళ్లలో ముంచి రాస్తే నల్లగా కనపడుతుంది, నిమిషంలో ఆరిపోతుంది. ఆరిన చోట మళ్లీ రాయొచ్చు. బియ్యం ఉడికేలోపు ఇరవై సార్లు కొండ, ఇరవై సార్లు మంచు. కూతురు ల్యాప్‌టాప్ పెట్టబోయి, తడి చూసి, "అమ్మా, మళ్లీనా!" అని అరిచేది. ఆఫీస్ కాల్‌లో ఉండి ఒకసారి గట్టిగానే అరిచింది. వాళ్ల బాస్ ఏమైందని అడిగాడట. మా అమ్మ కౌంటర్ మీద కొండ రాస్తోందని చెప్పింది. ఆయనకేం అర్థమైందో మరి.

పద్యం అర్థం నాకు పట్టడానికి రెండు వారాలు పట్టింది. నా తెలుగులో చెబితే ఇంతే.

కొండ నడుం దాకా దిగింది మంచు. దేవదారు కొమ్మ నేలకు వంగింది. దారి ఎక్కడో కనపడదు. కంచరగాడిద గంట మోగుతూనే వస్తోంది.

ఇంతేనా అన్నాను. ఇంతే అంది అక్క. గంట వింటున్నది ఎవరని అడిగాను. వాళ్ల నాయనా? గాడిదను తోలుకొచ్చే మనిషి భార్యా? దారి తప్పిన బాటసారా? అక్క పద్యమంతా వేలుతో తడిమి చూపించి, లేదన్నట్టు తల ఊపింది. రాయలేదట. పాత పద్యాలన్నీ అంతేనట. 'నేను' అనే మాటే ఉండదు. చదువుతున్నవాళ్లలో ఎవరికి వినపడితే వాళ్లే వింటున్నట్టు. కాసేపు నాకు కోపం వచ్చింది, చెప్పకుండా దాచేదానికి పద్యమెందుకని. ఆ తరువాత బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు తట్టింది. వింటున్న మనిషిని గీయకుండా తెల్లగా వదిలేశాడు ఆ పెద్దాయన. కాగితం మీద మంచును వదిలినట్టే. నిజం చెప్పాలంటే ఈ సంగతి నాకు వేరేవాళ్లు చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. చేత్తో తెలుపు వదిలిన మనిషిని కాబట్టి నాకే తెలిసింది.

చివరి వారం మంచు తుఫాను వచ్చింది. బుధవారం లైబ్రరీ మూసేశారు. ఆ పొద్దున మా తలుపు తట్టింది అక్క. మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో మనుమడి హాకీ కర్ర ఊతంగా. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి! నా కూతురు గడగడలాడిపోయింది.

"ఆంటీ! మీరు కాల్ చేసుంటే నేనొచ్చి పికప్ చేసేదాన్ని కదా!"

అక్క దాన్ని పక్కకు నెట్టి లోపలికొచ్చింది. బూట్లు విప్పి, నన్ను కిటికీ దగ్గరికి లాక్కుపోయింది. ప్లెయిన్స్‌బరోలో కొండలు లేవు. నేల అరచెయ్యిలా ఉంటుంది. అయితే మంచు తోసే బండి ఆ పొద్దున పార్కింగ్ లాట్ మూలకు తోసిందంతా తోసి ఇద్దరు మనుషుల ఎత్తు గుట్ట చేసి పెట్టింది. పక్కనున్న చెట్టు కొమ్మ ఒకటి దాని మీదికి వంగి ఉంది. అక్క ఆ గుట్టను చూపించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, పద్యం పైకి చదివింది. ఎంత గంభీరంగా చదివిందంటే, ఆ గుట్ట మీద తిరగబడి ఉన్న షాపింగ్ కార్ట్ కూడా నాకు కంచరగాడిదలాగే కనపడింది. అది చూపిస్తే అక్క నవ్వు ఆపుకోలేక కిటికీ పట్టుకుని నిలబడింది. ఆమె ఆపాక నేను చదివాను. చూడకుండా, మొదటి నుంచి చివరి దాకా, ఆమె గొంతు ఎక్కిన చోట ఎక్కుతూ, దిగిన చోట దిగుతూ. కూతురు సోఫా అంచున కూర్చుని విన్నది. శనివారం పండగకు, తనకున్న పనులన్నీ మానుకుని నాతో వస్తానని చెప్పింది.

శనివారం హాలు నిండిపోయింది. చైనా కుటుంబాలు, తెలుగువాళ్లు, తెల్లవాళ్లు, పిల్లలు. గోడల నిండా రాతలు. నాకు కేటాయించిన చోటు ఖాళీగా ఉంది. దాని కింద బల్ల, బల్ల మీద తెల్ల కాగితం. అక్క సిరా నూరి పెట్టింది. లావోషీ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. తన నాయన కాగితాన్ని అక్క సంచిలో పెట్టేసి జిప్పు లాగింది, నాకు కనపడేలా.

నడిమి గీత ముందు వేసి కొండ రాశాను. మంచు రాశాను. నడుం, దిగడం. మొదటి వరస అయిపోయింది. రెండో వరస కూడా సాఫీగా నడిచింది. మూడోదీ అయింది. నాలుగో వరసలో కంచరగాడిద రావాలి. కుంచె ఎత్తాను. ఏమీ లేదు. తలలో గుర్రం లేదు, మూట లేదు. కుంచె కొసన సిరా చుక్క కూడుకుంటోంది. అది కాగితం మీద పడితే అక్కడితో అయిపోయినట్టే.

ఇన్నేళ్లూ నా చెయ్యే ముందు నడిచేది. చెయ్యి ఎక్కడికి పోతే నేనూ అక్కడికే. ఆ రోజు చెయ్యి ఆగిపోయింది. అప్పుడు నోటితో చదవడం మొదలుపెట్టాను, మొదటి వరస నుంచి, పైకే. కొండ, మంచు, కొమ్మ, దారి. దారి లేదు అనే మాట దగ్గరికి వచ్చేసరికి తరువాతి మాట దానంతటది నోట్లోకి వచ్చింది. మాట వచ్చాక గుర్రం వచ్చింది. నాలుగు కాళ్లూ వచ్చాయి. వీపున మూటతో సహా కాగితం మీదికి దిగింది.

ఇరవయ్యోది రాసి కుంచె పక్కన పెట్టాను. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాను. ముందు వాళ్ల మాట, వెంటనే నా మాట. "షాన్, కొండ. శ్వే, మంచు." అలా చివరి దాకా. చైనా వాళ్లు ఒకదానికి తల ఊపితే తెలుగువాళ్లు ఇంకోదానికి ఊపారు. ఒక్కటీ తప్పలేదు. అక్క చప్పట్లు కొట్టబోయి లావోషీ మొహం చూసి ఆగింది.

ఆయన వంగాడు. కాగితానికి జానెడు దూరంలో మొహం పెట్టి పై నుంచి కిందికి చూశాడు. వెరీ గుడ్ అనలేదు. రెండో అక్షరం మీద వేలు పెట్టాడు.

"టూ హెవీ."

నాకు అర్థం కాలేదు.

"స్నో నాట్ హెవీ," అన్నాడు. మంచు కింది గీతలు చూపించాడు. నేను చాలా సిరా పెట్టాను, బరువుగా పడ్డాయి. "అగైన్."

నా కూతురికి ఒళ్లు మండింది. తెలుగులో, అందరికీ వినపడేలా, "ఏంటమ్మా ఈయన? ఒక్క తప్పు లేకుండా రాస్తే ఒక్క మంచి మాట లేదు. ఎల్డర్లీ లేడీ అని కూడా చూడడా?" అంది.

"ఊరుకో మే," అన్నాను. "నీకు తెలీదు."

దానికి నిజంగానే తెలియదు. ఆయన వెరీ గుడ్ అన్నది నన్ను చుట్టపుచూపుగా వచ్చిన మనిషిని చూసినట్టు చూసినప్పుడు. చుట్టానికి ఎవరూ తప్పులు చెప్పరు. అగైన్ అన్నాడంటే ఆ బల్ల చుట్టూ నిలబడేవాళ్లలో నన్ను కలిపేశాడు. అక్క చేత గంటసేపు రాయించిన మనిషి నా చేతా రాయిస్తున్నాడు. నా జన్మలో నా రాతను మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నా చదువుకు వంక పెట్టినవాడు ఆయనొక్కడే. వంక పెట్టాలంటే ముందు చదువు ఉండాలి కదా.

అందరి ముందే కొత్త కాగితం పరిచాను. మళ్లీ ఇరవై రాశాను. మంచు మళ్లీ బరువే అన్నాడు. మూడోసారి కొండ వంకర అన్నాడు. జనం కొందరు టీ కోసం పోయి తిరిగొచ్చారు. నాలుగోసారి కుంచెను గిన్నె అంచుకు బాగా పిండి, మంచు కింది గీతల్ని తాకీ తాకనట్టు లాగాను. సిరా పల్చబడి మధ్యలో కాగితం తెల్లగా కనపడింది. లావోషీ కాగితం రెండు కొసలూ తానే పట్టుకుని, ఆరేదాకా ఊదుతూ నిలబడి, కుర్చీ ఎక్కి తానే గోడకు పెట్టాడు. అక్క కింద నుంచి కుర్చీ పట్టుకుంది. నా కూతురు ఫోటోలు తీసింది, ఈసారి నన్ను కూడా కలిపి.

సాయంత్రం జనం పలచబడ్డాక, ఐడీ కార్డు మెడలో వేసుకున్న తెలుగు కుర్రాడొకడు వచ్చి నా కాగితం ముందు నిలబడ్డాడు. కింద కార్డు మీద ఉన్న నా పేరు చదివి వెనక్కి తిరిగాడు.

"ఆంటీ, ఇది మీరు రాశారా? మీకు చైనీస్ వచ్చా?"

"ఇరవై అక్షరాలు వచ్చు నాయనా," అన్నాను. "ఏది కావాల్నో అడుగు."

అతను నవ్వుతూనే, వేలు పెట్టి ఒకటి చూపించాడు. చెప్పాను. ఇంకోటి చూపించాడు. అదీ చెప్పాను.